స్కూటరు మలుపు తిరిగేదాకా

ఆ ఇంట్లో సమానత్వానికి వేళలుండేవి. సాయంత్రం బడి నుంచి వచ్చి కాళ్ళూ చేతులూ కడుక్కున్నప్పుడు మొదలై, వీధి మలుపులో స్కూటరు చప్పుడు వినబడగానే ముగిసేది. సెలవురోజుల్లో అసలు ఉండేదే కాదు. ఆ రోజుల్లో పిల్లల తండ్రి ఇంట్లోనే ఉంటాడు మరి.

నవ్వొస్తే నవ్వుకోండి. ఆ తల్లీ పిల్లలూ మొదట్లో నవ్వుకున్నారు. మూడో అంతస్తులో రెండు గదుల వాటా వాళ్ళది. వంటగది కిటికీ వీధివైపు ఉంటుంది. కిటికీ కింద సింకు. పన్నెండేళ్ళ పెద్దాడు చొక్కా చేతులు పైకి మడుచుకుని సింకు దగ్గర గిన్నెలు తోముతుంటాడు. తొమ్మిదేళ్ళ చిన్నది బల్ల ముందు లెక్కలు చేసుకుంటూ ఉంటుంది. తల్లి కూరగాయలు తరుగుతూ చెవులు రిక్కించి ఉంటుంది. ఆయన స్కూటరు సైలెన్సరు ఎప్పుడో చెడింది. బాగు చేయించుకోడు. అందరికీ తను వస్తున్నట్టు తెలియడం ఆయనకిష్టం. ఆ చప్పుడు మలుపులో వినబడిందో లేదో, కొడుకు చేతులు తుడుచుకుని పుస్తకం ముందు కూర్చునేవాడు. కూతురు పెన్సిలు పడేసి సింకు దగ్గరికి పరిగెత్తేది. నాటకం రక్తి కట్టాలని గౌను ముందుభాగం కాసిని నీళ్ళతో తడుపుకునేది కూడా. ఆయన మెట్లెక్కి వచ్చేసరికి ఎవరుండాల్సిన చోట వాళ్ళుండేవారు.

ఇలాంటి నాటకం ఆడించే ఆవిడ ఎవరనుకున్నారు? పక్క వీధి బడిలో నాలుగో తరగతి టీచరు. ఆ బడిలో ఆమెకి పిల్లలు పెట్టిన పేరు ‘సమానం టీచరు’. మగపిల్లల చేత క్లాసు ఊడిపిస్తుంది, ఆడపిల్లల చేత బెంచీలు మోయిస్తుంది. "ఏడుపు ఆడవాళ్ళదీ కాదు, కోపం మగవాళ్ళదీ కాదు. రెండూ అందరివీ" అని చెబుతుంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఒక్క పిల్లని కూడా కొట్టలేదు. బోర్డు మీద గీతలు గీయడానికి చెక్క స్కేలు ఒకటి సంచిలో పెట్టుకుని తిరుగుతుంది, అది గీతలకి తప్ప దేనికీ వాడలేదు. ఊరికే రాలేదు ఆమెకా పేరు.

ఇంట్లో మాత్రం ఆమె పప్పులు ఉడకలేదు. ఈ నాటకం మొదలుకాకముందు ఒకసారి ఆయన తను పనిచేసే గోడౌన్ నుంచి వచ్చేసరికి కొడుకు గిన్నెలు కడుగుతూ కనిపించాడు. ఆయన అరవలేదు. కడిగిన గిన్నెలన్నీ ఒక్కొక్కటే తీసి మెట్ల మీంచి కిందికి జారవిడిచాడు. ఇరుగుపొరుగు తలుపులు తీసి చూస్తే, "చెయ్యి జారిందండీ" అని నవ్వాడు. ఆ తర్వాత లోపలికొచ్చి, ఆడదానిలా నీళ్ళల్లో చేతులు పెట్టినందుకని కొడుకుని బెల్టుతో బాదాడు. వాడు వారం పాటు బోర్లా పడుకున్నాడు. కూతురి జోలికి మాత్రం పోలేదు. ఆడపిల్ల మీద చెయ్యి చేసుకునే రకాన్ని కానని ఆయన నలుగురిలో చెప్పుకుంటూ ఉంటాడు. భార్య మాట వేరు.

ఆ దెబ్బతో మానేసి ఉండొచ్చు. ఆమె మానలేదు. ఆమెకున్న భయం ఒక్కటే. కొడుకు ఆయనలా తయారవుతాడేమో, కూతురు తనలా తయారవుతుందేమో. ఆ రెండూ జరక్కుండా చూసుకుంటే చాలు, తన బతుకు ఎలా తెల్లారినా ఫరవాలేదనుకుంది. అందుకే ఆయన లేని ఆ కాసేపైనా పిల్లలు సరిగ్గా పెరగాలని ఈ ఏర్పాటు చేసింది. దానికోసం ముగ్గురూ కలిసి ఒక ఆట కూడా ఆడేవారు. తల్లి గొంతు బొంగురు చేసుకుని, నడుం మీద చెయ్యి పెట్టుకుని నాన్నలా అడిగేది.

"ఏరా, ఇవాళ గిన్నెలు ఎవరు తోమారు?"

"చెల్లి నాన్నా!" అనేవాడు పెద్దాడు, కన్నార్పకుండా.

"నువ్వేం చేశావు?"

"లెక్కలు చేసుకున్నాను నాన్నా."

"శభాష్!" అనేది తల్లి. చిన్నదాని వంతు వచ్చేసరికి అది కిసుక్కున నవ్వేసేది. మొహం కందగడ్డలా అయిపోయేది. "అన్నయ్యే... కాదు కాదు, నేనే!" అనేది. "ఈ వాగుడుకాయని నమ్ముకుంటే మనం మునిగినట్టే అమ్మా" అని అన్నయ్య వెక్కిరించేవాడు. తల్లి నవ్వుతూనే, "తడుముకోకూడదు తల్లీ. తడుముకుంటే దొరికిపోతాం" అని నేర్పేది. పాఠాలు చెప్పడం వచ్చినావిడ కదా, ఇదీ బాగానే నేర్పింది.

కానీ ఒక సంగతి ఆమె బుర్రకి తట్టలేదు. ఇంట్లో దాచమని నేర్పింది. బడిలో ఉన్నదున్నట్టు చెప్పమని నేర్పింది. ఏది ఇంటి పాఠమో, ఏది బడి పాఠమో, రెండింటికీ మధ్య గోడ ఎక్కడుందో ఆ పిల్లకి చెప్పలేదు. చిన్నది ఆమె క్లాసులోనే చదువుతోందాయె.

బడిలో ఏడాదికోసారి తల్లిదండ్రులు వచ్చి వెనక బెంచీల్లో కూర్చుని పాఠం వినే రోజొకటి ఉంది. ఆ రోజు సమానం టీచరు బోర్డు మీద పెద్ద ఇల్లు గీసింది. వంటిల్లు, ముందుగది, పడకగది, మెట్లు. ఒక్కొక్కరూ వచ్చి తమ ఇంట్లో ఏ గదిలో ఎవరు ఏ పని చేస్తారో రాయాలి. ఒక పిల్లాడు సుద్దముక్క పట్టుకుని వంటింటి ముందు చాలాసేపు ఆలోచించి, "మా నాన్నకి వంటిల్లు ఎటుందో తెలీదు టీచర్" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. వెనక కూర్చున్న వాళ్ళ నాన్న కూడా నవ్వాడు. హెడ్మిస్ట్రెస్ పెద్ద మేడమ్ గుమ్మం దగ్గర నిలబడి మురిసిపోతోంది.

అంతలో వెనక బెంచీ నుంచి ఒకాయన లేచాడు. ఆమె భర్త సూపర్‌వైజరుగా ఉన్న గోడౌన్‌లో కాటా దగ్గర బరువులు రాసుకునే గుమాస్తా.

"అంతా బానే ఉంది టీచరుగారూ. మరి మా సూపర్‌వైజరుగారు మీ ఇంట్లో ఏ గదిలో ఉంటారో, ఏం పని చేస్తారో కాస్త రాద్దురూ!"

పెద్దవాళ్ళు కూడా నవ్వారు. ఆమె కూడా నవ్వి మాట దాటవేయబోయింది. ఈలోపే ముందు బెంచీలో చెయ్యి లేచింది. మామూలుగా ఆమె తన కూతుర్ని ఏదీ అడగదు. ఆ పిల్ల కూడా క్లాసులో అమ్మా అనదు, టీచర్ అనే అంటుంది. ఆ రోజు మాత్రం ఆగలేకపోయింది. తన తల్లిని ఎవరో నిలదీశారని దానికి రోషం వచ్చింది.

"మా ఇంట్లో అందరూ సమానమే అంకుల్! మా అన్నయ్య గిన్నెలు తోముతాడు, బట్టలు మడతపెడతాడు, ఇల్లు కూడా ఊడుస్తాడు. నేను చదువుకుంటాను. నాన్న స్కూటరు చప్పుడు వినబడగానే నేను గిన్నెల దగ్గరికెళ్ళిపోతాను, అన్నయ్య పుస్తకం పట్టుకుంటాడు. నాన్నకి తెలియకూడదు కదా, అందుకని."

ఈసారి నవ్వు మామూలుగా లేదు. ఒకావిడ కళ్ళనీళ్ళు తుడుచుకుంది. కాటా గుమాస్తా తొడ చరుచుకున్నాడు. చిన్నది కూడా తనేదో గెలిచినట్టు అటూ ఇటూ చూసి నవ్వింది. తను నవ్వకపోతే కూతురు బిక్కచచ్చిపోతుందని, తల్లి కూడా పళ్ళు బిగించి నవ్వింది.

పాఠం అయ్యాక వరండాలో ఆ గుమాస్తాని పట్టుకుంది. "అన్నయ్యగారూ, చిన్నపిల్ల, ఏదో వాగింది. ఆయన చెవిన..." అంది.

"అయ్యయ్యో! నేనెందుకు చెప్తానమ్మా? నాకేం పని?" అన్నాడాయన. అంటున్నంతసేపూ ఆ మొహంలో సంబరం దాచుకోలేకపోయాడు. ఇలాంటి కబురు కడుపులో పెట్టుకుని మధ్యాహ్నం దాకా కూడా ఉండలేడని ఆమెకి అప్పుడే తెలిసిపోయింది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చాక ఆమె పిల్లలతో ఏమీ అనలేదు. ఆ రోజుకి పని మానేయమంటే చిన్నది కారణం అడుగుతుంది. నువ్వు నిజం చెప్పావు కాబట్టి అనాలి. ఆ మాట అనడానికి ఆమెకి నోరు రాలేదు. స్కూటరు చప్పుడు ఎలాగూ వినబడుతుంది కదా, అప్పుడు చూసుకోవచ్చులే అనుకుంది. ఆయన రావాల్సిన వేళకి ముందే పిల్లల చోట్లు మార్పించేద్దామనుకుని కిటికీ దగ్గరే నిలబడింది.

ఆయన స్కూటరు ఎక్కడ పెట్టి వచ్చాడో గానీ, ఆ వేళకి చాలా ముందే, ఇంటి వెనక సందులోంచి నడిచి వచ్చాడు. తలుపు తీసిన చప్పుడుకి ముగ్గురూ ఒకేసారి తలతిప్పారు. కొడుకు మోచేతుల దాకా సబ్బు నురగతో ఉన్నాడు. కూతురి నోట్లో పెన్సిలుంది.

"కంగారెందుకు? కానివ్వండి" అన్నాడాయన. కుర్చీ లాక్కుని కూర్చుని, తీరిగ్గా బూట్ల లేసులు విప్పుకున్నాడు. "గోడౌన్‌లో హమాలీలు కూడా నన్ను చూసి నవ్వారివాళ. ఏరా, ఇలా రా. ఎన్నాళ్ళ నుంచి ఈ భాగోతం?"

కొడుకు తండ్రి బెల్టు వైపు చూశాడు. అంతే. తడుముకోలేదు.

"అమ్మే చేయమంటుంది నాన్నా. చేయకపోతే కొడుతుంది."

"కొడుతుందా? దేంతో?"

"స్కేలుతో."

ఆమె కొడుకు మొహంలోకి చూసింది. కన్నార్పడం లేదు వాడు. ఎంత బాగా చెబుతున్నాడో, ఎంత నమ్మేలా చెబుతున్నాడో! ఒక్క క్షణం ఆమెకే అనుమానమొచ్చింది, ఎప్పుడైనా కొట్టానా అని.

"అబద్ధం!" అని చిన్నది కుర్చీ మీంచి దూకింది. "అమ్మ ఎప్పుడూ కొట్టలేదు నాన్నా! అన్నయ్యకి గిన్నెలంటే ఇష్టం. నేను తోముతానన్నా వాడే ఇవ్వడు, నురగతో ఆడుకోవచ్చని. నిజం నాన్నా, కావాలంటే అమ్మనడుగు."

ఆయనకి ఇది నచ్చినట్టుంది. వెనక్కి జారగిలబడ్డాడు.

"ఇద్దరిలో ఒకళ్ళు అబద్ధమాడుతున్నారన్నమాట. నాకు తప్పు చేసినా ఫరవాలేదు గానీ అబద్ధమాడితే ఒళ్ళు మండుతుంది. నువ్వే చెప్పవే. కన్నతల్లివి. ఎవరు?"

ఇంతసేపూ ఆమె తన వీపు మీద పడబోయే దెబ్బల కోసమే ఎదురుచూస్తోంది. అది ఆమెకి అలవాటే. ఈ ప్రశ్న వస్తుందనుకోలేదు. కొడుకు అబద్ధమాడాడంటే వాడిని బెల్టుతో చంపేస్తాడు. పైగా ఆ పని ఇష్టంగా చేశాడని తేలుతుంది, దానికి ఇంకో వాత. కూతురైతే? దాని మీద ఈయన ఇంతవరకూ చెయ్యెత్తలేదు. రెండు తిట్లు తిట్టి వదిలేస్తాడు. ఇదంతా ఆమె తలలో రెప్పపాటులో తిరిగింది.

"అదే... చిన్నదే అబద్ధం చెబుతోంది" అంది.

లెక్క సరిగ్గానే వేశానని ఆమె ఆ క్షణంలో అనుకుంది. నిజంగా లెక్క వేసే అన్నదా, కొడుకు దెబ్బలు తింటుంటే చూడలేక అన్నదా? ఇద్దరిలో ఒకర్ని వదులుకోవాల్సి వస్తే ఆడపిల్లని వదులుకునే పాత జబ్బు ఏదో ఆమె ఎముకల్లోనే ఉండిపోయిందా? ఆమెకే తెలియదు. తెలుసుకోవడానికి ఆ రాత్రంతా కూర్చున్నా తెలియలేదు.

చిన్నది అన్నయ్య వైపు చూసి, మళ్ళీ తల్లి వైపు చూసింది.

"సరే" అన్నాడాయన. "అయితే కొట్టు."

"ఏమిటండీ?"

"పని చేయకపోతే వాడిని కొడతావటగా. అబద్ధం చెప్పినందుకు దీన్ని కొట్టవా? సమానం టీచరువి కదే. ఇద్దర్నీ సమానంగా చూడొద్దూ?"

"చిన్నపిల్లండీ... మీకు దణ్ణం పెడతాను..."

"నువ్వు కొడతావా, నన్ను కొట్టమంటావా?" అని ఆయన నడుం మీద చెయ్యి వేశాడు. బెల్టు బకిలు టక్కుమంది.

ఆమె సంచిలోంచి స్కేలు తీసింది. ఎలా పట్టుకోవాలో కూడా ఆమెకి తెలియదు. చిన్నది తనంతట తనే కుడిచెయ్యి చాపింది. ఇంట్లో దాన్నెవరూ కొట్టలేదు, బడిలోనూ కొట్టలేదు. చెయ్యి చాపాలని ఎక్కడ నేర్చుకుందో! మొదటి దెబ్బ మెల్లగా వేసింది. "దాన్ని దెబ్బంటారా? మళ్ళీ" అన్నాడాయన. మళ్ళీ వేసింది. "చేతిలో బలం లేదా? అన్నం తినడం లేదా?" అన్నాడు. ఆయన చాలు అనేదాకా వేసింది. చివరిది అరచేతి మీద కాక వేళ్ళ కణుపుల మీద పడింది. చిన్నది ఏడవలేదు. అంతసేపూ తల్లి మొహమే చూస్తూ నిలబడింది.

తర్వాత ఆయన భోజనానికి కూర్చున్నాడు. కొడుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. కూరలో ఉప్పు తక్కువైందన్నాడు. వాడి భుజం మీద చెయ్యి వేసి, వచ్చే సెలవుల్లో గోడౌన్‌కి తీసుకెళ్తానని చెప్పాడు. వాడు తలూపాడు. మిగిలిన గిన్నెలు చిన్నది ఎడంచేత్తో తోమింది. తల్లి లేవబోతే, "నువ్వు కూర్చో" అన్నాడాయన. ఆమె కూర్చుంది.

ఆయన గదిలోకి వెళ్ళాక, ఆమె తడిగుడ్డ తెచ్చి కూతురి చేతికి చుట్టబోయింది. చిన్నది చెయ్యి వెనక్కి లాక్కుంది.

"నేను అబద్ధం చెప్పానా అమ్మా?"

"లేదు తల్లీ."

"మరి?"

"అన్నయ్య పేరు చెబితే నాన్న వాణ్ణి చంపేస్తాడు. నిన్నయితే ఎప్పుడూ కొట్టడు కదా, అందుకని..."

"అవును. నాన్న కొట్టలేదు" అంది చిన్నది.

మర్నాడు పొద్దున్న ఆయన స్కూటరు వెళ్ళిపోయింది. ఆమె కిటికీలోంచి మలుపు దాకా చూసి, సాయంత్రం దాకా ఆగలేక, ఏమీ జరగనట్టే చీపురు తెచ్చి కొడుక్కివ్వబోయింది. వాడు పుస్తకాలు సర్దుకుంటూ తలెత్తలేదు.

"చెల్లిని చేయమను."

"నాన్న వెళ్ళిపోయారురా."

"తెలుసు" అన్నాడు వాడు.

వాడి గొంతులో భయం ఉంటే ఆమె ఎంతో కొంత ఊరటపడేది. లేదు. మంచినీళ్ళు అడిగినట్టు మామూలుగా అన్నాడు. ఆమె ఏదో అనేలోపే చిన్నది వచ్చి ఎడంచేత్తో చీపురందుకుంది. ఇన్నాళ్ళూ కాపాడుకుందామనుకున్న ఇద్దరిలో ఒకడు అప్పుడే చేజారిపోయాడని ఆమెకి అర్థమైంది. ఇంకొకతె మిగిలి ఉంది. దాన్నైనా దక్కించుకోవాలి. బడికి నడుస్తున్నంతసేపూ అదే అనుకుంది. ఎలా అన్నది మాత్రం తోచలేదు.

క్లాసులో మొదటి పీరియడు చూచిరాత. అందరూ తలలు వంచుకుని రాస్తున్నారు. చిన్నది పెన్సిలు పట్టుకోలేకపోతోంది. వేళ్ళు వాచి దగ్గరికి రావడం లేదు. చెయ్యి బల్ల కింద దాచుకుని కూర్చుంది. పెద్ద మేడమ్ రౌండ్లకి వచ్చి, వరసల మధ్య నడుస్తూ ఆ పిల్ల దగ్గర ఆగింది.

"రాయడం లేదేమే? ఏదీ, చెయ్యి చూపించు. అయ్యో! ఇదేంటి, ఏమైంది?"

"తలుపు సందులో పడింది మేడమ్."

బోర్డు దగ్గర నిలబడ్డ తల్లికి ఆ గొంతు ఎవరిదో వెంటనే పోల్చుకోవడం కష్టమైంది. నిన్నటిదాకా చిన్న అబద్ధానికే కిసుక్కున నవ్వేసిన పిల్ల. మొహం కందలేదు. మాట తడబడలేదు. నన్ను కాపాడుతోంది అనుకుంది ఆమె. నేను దానికి చేయనిది అది నాకు చేస్తోంది. సిగ్గుతో ఆమెకి ఒళ్ళంతా కాలిపోయింది.

"తలుపు కాదు మేడమ్" అంది గట్టిగా. క్లాసంతా తలెత్తి చూసింది. "నేను కొట్టాను. స్కేలుతో. అది నిజం చెప్పినందుకు కొట్టాను."

మూడో బెంచీలో ఒక పిల్లాడు నవ్వేశాడు. "సమానం టీచర్ అసలు కొట్టరు మేడమ్!" అన్నాడు. "అవును మేడమ్, మా టీచర్ ఎవర్నీ కొట్టరు" అని ఇంకో అమ్మాయి లేచి నిలబడింది. ఆ మాట క్లాసంతా అందుకుంది. పెద్ద మేడమ్ అయోమయంగా ఇద్దరి వంకా చూసి, చిన్నదాని ముందు వంగింది.

"నువ్వు చెప్పమ్మా. భయపడకు. ఏం జరిగింది?"

"తలుపే మేడమ్. టీచర్ తలుపేస్తుంటే నేనే చెయ్యి పెట్టాను. తన వల్లే తగిలిందని బాధపడుతున్నారు, అందుకే అలా అంటున్నారు."

"తల్లీ, నిజం చెప్పు" అంది ఆమె. క్లాసులో కూతుర్ని ఆ పిలుపు పిలవడం అదే మొదటిసారి.

చిన్నది తలతిప్పి తల్లి కళ్ళల్లోకి చూసింది. కోపంగా కాదు, జాలిగా కూడా కాదు. వీధిలో తెలియని మనిషి ఏదో అడిగితే చూసినట్టు చూసింది.

"నిజమే చెప్తున్నాను టీచర్" అంది, ఇంట్లో నేర్పినట్టే తడుముకోకుండా.

పెద్ద మేడమ్ ఊపిరి పీల్చుకుంది. "మీరు మరీ సున్నితం టీచరుగారూ. పిల్లలన్నాక దెబ్బలు తగులుతూనే ఉంటాయి. మిమ్మల్ని మీరు ఇలా హింసించుకుంటే ఎలా?" అని ఆమె భుజం తట్టింది. "ఎంత పెద్ద మనసే నీది, తల్లిని ఒక్క మాట పడనివ్వలేదు" అని చిన్నదాని తల నిమిరి, మందు రాయడానికి తన గదికి తీసుకెళ్ళింది. చిన్నది గుమ్మం దాటేటప్పుడు వెనక్కి తిరిగి చూడలేదు. ఆ క్లాసులో తల్లి మాట నమ్మినవాళ్ళు ఒక్కరూ లేరు. పిల్లలు మళ్ళీ తలలు వంచుకుని చూచిరాత రాసుకోసాగారు.